శ్రీలంక తేయాకు తోటలకు సేవాయాత్ర: మధ్యలో వచ్చే ఆదివారం ఎలా నడపాలి?

ఎంవీపీ యూత్ సెక్రటరీ

అందరికీ వందనాలు. విశాఖపట్నంలోని మా చర్చి సంఘం నుంచి 14 మందిమి ఫిబ్రవరిలో శ్రీలంక వెళ్తున్నాం. హట్టన్ దగ్గర ఒక తేయాకు తోటలో ఉన్న తమిళ సంఘం పిలిచింది. గురువారం కొలంబోలో దిగి, శుక్రవారానికి తోట చేరి, మంగళవారం తిరుగు ప్రయాణం. మిగతా రోజుల పని (బడికి రంగులు, మెట్ల మరమ్మతు) ఖరారైంది. చిక్కంతా ఆదివారం దగ్గరే.

కమిటీ వేసిన ప్లాన్: 8 గంటలకు సండే స్కూల్. 9 నుంచి 12 ఆరాధన, అందులో మా పాస్టర్ గారి వాక్యం (ప్రసంగం) 45 నిమిషాలు, మా క్వాయర్ 4 పాటలు, 3 సాక్ష్యాలు. తర్వాత ప్రేమవిందు. 1:30 నుంచి 5 వరకు చర్చిలోనే 200 మందికి ఉచితంగా రీడింగ్ కళ్ళజోళ్ళు, బీపీ, షుగరు పరీక్షలు, మందులు. యవనస్థులు ఆ టైములో తోట నీళ్ళ ట్యాంకు కడుగుతారు. 5:30కి సాయంత్రం కూటం.

టీములో ఇద్దరు నర్సులు, ఒక ఫార్మసిస్టు ఉన్నారు. కళ్ళ పరీక్ష తెలిసినవాళ్ళు లేరు. తమిళం ఒక్కరికే వచ్చు. ఇది నడిచే ప్లానేనా? తెలిసినవాళ్ళు మొహమాటం లేకుండా చెప్పండి.

వన్‌టౌన్ ఎల్డర్

సెక్రటరీ గారూ, ఆదివారం వాళ్ళది. మీ ప్లాన్‌లో ఆ సంఘం పాస్టరు గారికి చివర్న ఆశీర్వాదం చెప్పడం తప్ప పనేమీ కనబడటం లేదు. ముందు ఆయన ఆరాధన క్రమం తెప్పించుకోండి. అందులో మీకు ఎక్కడ చోటిస్తారో ఆయన్నే రాయమనండి.

45 నిమిషాల వాక్యం అనువాదంతో గంటన్నర దాటుతుంది. ఒక వాక్యం మనవాళ్ళు, ఒక వాక్యం అనువాదకుడు అనుకుంటే లెక్కకి రెట్టింపు. మాట అందుకోవడానికి పట్టే ఆలస్యం దానికి అదనం. మీ పాస్టర్ గారిని 10 నిమిషాలకి రాయమనండి, మొత్తం 25 నిమిషాల్లో తేలుతుంది. రాసినది బుధవారానికల్లా అనువాదకుడికి చేరాలి, వచనాల అధ్యాయం, సంఖ్యలతో సహా. సామెతలు, ప్రాసలు, మన ఊరి జోకులు తీసేయండి. అనువాదకుడు తడబడేది అక్కడే. తడబడ్డాక ధైర్యం పోయి, మిగతాదంతా క్లుప్తం చేసేస్తాడు. శనివారం సాయంత్రం ఇద్దరూ కూర్చుని ఒకసారి పైకి చదువుకోవాలి.

అనువాదకుడు ఆ తోట మనిషే అయ్యుండాలి. మీ టీములో తమిళం వచ్చినవారిది చెన్నై తమిళం అయ్యుంటుంది. కొండ తోటల మాటతీరు వేరు, బైబిలు తమిళం ఇంకా వేరు. ఆయన్ని జనం మధ్య కూర్చోబెట్టండి, మధ్యాహ్నం పనిలో ఎక్కువ అక్కరకొస్తారు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున క్రాన్, డెస్ గ్రాంజెస్ మన విశాఖపట్నం వచ్చినప్పుడు కూడా క్రైస్తవుడైన బ్రాహ్మణుడు ఆనందరాయరు తోడయ్యాకే తెలుగు సువార్తల అనువాదం దారిన పడింది. బయటి నుంచి వచ్చినవాళ్ళకి చెవి, నోరు రెండూ ఊరివాళ్ళే.

పాటలు: తెలుగు కీర్తన ఒకటి, రెండు చరణాలతో సరి. రెండోది తమిళంలోనూ ఉన్న రాగం చూసుకుని, పల్లవి వాళ్ళ భాషలోనే నేర్చుకుని వెళ్ళండి. వారానికి రెండుసార్లు సాధన చేస్తే నెలకు వస్తుంది. కీబోర్డు మోసుకెళ్ళకండి. వాళ్ళకి ఉన్న వాయిద్యాలతో, వాళ్ళు పాడే శ్రుతిలోనే పాడండి. సాక్ష్యం ఒక్కటి, 3 నిమిషాలు. అదీ కృతజ్ఞత చెప్పేదిగా ఉండాలి. 'మేము ఇవి తెచ్చాం, ఇవి చేస్తాం' అని ప్రసంగ వేదిక మీద నుంచి చదవకూడదు.

ప్రభు భోజనం (రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆచారం) ఉన్న ఆదివారమా కాదా ముందే కనుక్కోండి. కొండ ప్రాంతంలో మెథడిస్టు, ఆంగ్లికన్, కేథలిక్, స్వతంత్ర సంఘాలు అన్నీ ఉన్నాయి. మెథడిస్టు మిషనరీలు లంకకు వచ్చింది 1814లో, కాబట్టి వాళ్ళ పద్ధతులు స్థిరపడి చాలాకాలమైంది. మీది బాప్టిస్టు సంఘమైతే, ఆ ప్రభు బల్లలో చేరే విషయంలో రెండు వైపులా నియమాలు ఉంటాయి. బల్ల దగ్గరికి లేచి వెళ్ళాక తేల్చుకునే సంగతి కాదు. ఒకే గిన్నెలోంచి తాగుతారా, విడి గిన్నెలా, ముందుకెళ్ళి మోకరించాలా, కూర్చున్నచోటికే తెస్తారా అన్నవి శనివారమే అడిగి టీముకి చెప్పేయండి. చెప్పులు బయట విడవడం, స్త్రీలు ముసుగు వేసుకోవడం, ఆడా మగా విడిగా కూర్చోవడం అక్కడి అలవాటైతే అలాగే చేయండి.

కానుక సంచిలో అక్కడి మామూలు సభ్యుడు వేసేంతే వేయండి, శ్రీలంక రూపాయల్లో. మీ 14 మంది పెద్ద నోట్లు వేస్తే ఆ వారం లెక్క తారుమారవుతుంది, పక్కన కూర్చున్న తోట కూలీకి తన కానుక చిన్నదనిపిస్తుంది. సంఘానికి ఇవ్వదలుచుకున్నది సోమవారం ట్రెజరర్‌కి రసీదు మీద ఇవ్వండి.

ఇంకొకటి, పోయ రోజు చూసుకోండి. ప్రతి పౌర్ణమీ అక్కడ సెలవు. మద్యం, మాంసం అమ్మకాలు ఆపేస్తారు, బౌద్ధులు విహారాలకు వెళ్తారు. ఫిబ్రవరిలో సాధారణంగా నవం పోయ వస్తుంది. అది మీ ఆదివారమే పడితే మైకు మాట ఎత్తకండి, విందులో కోడికూర ఉండదనుకోండి. మామూలు ఆదివారాల్లో కూడా ఉదయం విహారాల్లో పిల్లలకు ధర్మ పాఠశాల జరుగుతుంది. కాబట్టి చర్చి స్పీకరు మొహం బయటికి తిప్పడం మంచిది కాదు.

ఆప్టోమ్ సీతమ్మధార

కళ్ళజోళ్ళ సంగతి నేను చెప్తాను. ఆలోచన చాలా మంచిది, సంఖ్య మాత్రం అసాధ్యం.

మంచిదని ఎందుకంటున్నానంటే, 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో ప్రాస్పర్ అనే అధ్యయనం వచ్చింది. అస్సాం తేయాకు తోటల్లో 40 ఏళ్ళు దాటిన 751 మంది మీద చేశారు. దగ్గర చూపు జోళ్ళు ఇచ్చినవాళ్ళ ఆకు కోత, ఇవ్వనివాళ్ళతో పోలిస్తే 21.7 శాతం ఎక్కువ పెరిగింది. వాళ్ళకి కావలసింది రెండాకులు, ఒక మొగ్గ. 45 దాటాక ముదురాకు, లేతాకు తేడా కంటికి ఆనదు.

ఇక లెక్క. ఒక మనిషికి దూరపు చూపు ఒక్కో కంటికీ విడిగా చూడటానికి 3 నిమిషాలు, దగ్గర చూపు, పవరు సరిచూడటానికి 4 నిమిషాలు. ఒక బల్ల మీద గంటకి 8 మంది. మీకు రెండు బల్లలకే మనుషులున్నారు, అంటే 16. 4 గంటలకి ఆపేస్తే రెండున్నర గంటల్లో 40 మంది. 60 టోకెన్లు ఇస్తే చివరి 20 మందిని సోమవారం పని అయ్యాక చూడాలి. 200 అని ప్రకటించారంటే మిగతా 140 మంది కొండ దిగి వచ్చి ఊరికే వెళ్ళిపోతారు.

పద్ధతి చెప్తాను. వరస తప్పకూడదు. ముందు దూరం: 6 మీటర్లు టేపుతో కొలిచి నేల మీద గీత పెట్టండి. 3 మీటర్ల చార్టు తీసుకెళ్తే 3 మీటర్లే. 6 మీటర్ల చార్టుని జాగా లేక 4 మీటర్లలో తగిలించడం అన్ని క్యాంపుల్లోనూ జరిగే పొరపాటు, దానితో చూపు తగ్గినవాళ్ళు కూడా పాసైపోతారు. చదువు రానివాళ్ళ కోసం ఇంగ్లీషు 'E' అక్షరాన్ని నాలుగు వైపులా తిప్పి రాసిన చార్టు. ఏ కంటికైనా 6/18 (మామూలు కన్ను 18 మీటర్ల నుంచి చదివేది 6 మీటర్ల నుంచి చదవడం) కంటే తక్కువ వస్తే జోడు ఇవ్వకండి, రెఫరల్ చీటీ రాయండి. కన్ను ఎర్రగా ఉన్నా, నొప్పి ఉన్నా, చూపు హఠాత్తుగా తగ్గినా, కంటిపాప తెల్లగా కనబడినా అంతే. అలాంటి మనిషికి +2.50 పెడితే అక్షరం కాస్త పెద్దగా కనబడి 'బాగుంది' అంటారు. శుక్లమో నీటికాసులో ఇంకో రెండేళ్ళు దాగిపోతుంది. ఉచిత క్యాంపుల వల్ల జరిగే అసలు నష్టం ఇదే.

తర్వాత దగ్గర చూపు. వయసు బట్టి మొదలుపెట్టే పవరు: 40 నుంచి 44కి +1.00, 45 నుంచి 49కి +1.50, 50 నుంచి 54కి +2.00, 55 దాటితే +2.50. అక్కణ్ణుంచి అటూ ఇటూ 0.50 మార్చి చూడండి. రెండు పవర్లు ఒకేలా ఉన్నాయంటే తక్కువదే ఇవ్వాలి.

ఇక్కడ తోట పనికి ఒక మెలిక ఉంది. ఆ వయసు లెక్క 40 సెంటీమీటర్ల దూరంలో పుస్తకం చదవడానికి. ఆకు కోసేటప్పుడు కంటికి, పొదకి మధ్య దూరం 60 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. 40 సెంటీమీటర్లకి కావలసింది 2.50 డయాప్టర్లు (పవరు కొలత), 60కి 1.67. అంటే కోతకి పెట్టుకునే జోడు సుమారు 0.75 తక్కువ ఉండాలి. కార్డు ఒక్కటే చూపించి ఇచ్చేస్తే ఇంటికెళ్ళి బియ్యం ఏరుకోవడానికి పనికొస్తుంది, పొద దగ్గర మసకే. అందుకని తేయాకు కొమ్మ ఒకటి తెప్పించి, ఆమె పనిలో నిలబడే తీరునే నిలబెట్టి, ఆ దూరంలో మొగ్గ చూపించి అడగండి.

ఈ జోడుతో దూరం మసకగా ఉంటుంది. వాలు మీద నడిచేటప్పుడు పెట్టుకుంటే మెట్టు తప్పుతుంది, గంప వీపు మీద ఉంటే పడటం ఖాయం. ప్రతి జోడుకీ మెడ తాడు కట్టి ఇవ్వండి. 'నడిచేటప్పుడు తీసేయాలి' అన్నది తమిళంలో చెప్పి, వాళ్ళతో తిరిగి చెప్పించుకోండి.

60 మందికి 90 జోళ్ళు పట్టుకెళ్ళండి: +1.00 పది, +1.50 ఇరవై అయిదు, +2.00 ఇరవై అయిదు, +2.50 ఇరవై, +3.00 పది. సరిగ్గా 60 తీసుకెళ్తే మధ్య పవర్లు ముందే అయిపోయి, చివర్లో ఉన్నవి అంటగట్టడం మొదలవుతుంది. మిగిలినవి పవరు చీటీలతో తోట ఆరోగ్య కేంద్రానికి ఇచ్చి రండి, విరిగినవాళ్ళకి పనికొస్తాయి. వాడేసిన పాత జోళ్ళు మాత్రం సేకరించకండి. రెండు కళ్ళకీ రెండు పవర్లు, సిలిండర్లు (ఒక్కో దిక్కుకి వేరుగా ఉండే పవర్లు) ఉంటాయి, తోటలో ఎవరికీ సరిపోవు.

బల్లల మీద కూర్చునే నలుగురికి ముందు ఇక్కడే శిక్షణ ఇప్పించండి. మన ఊళ్ళో హనుమంతవాక దగ్గర ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది, నగరంలో ఆప్టోమెట్రిస్టులు చాలామంది ఉన్నారు, సంఘం తరఫున అడిగితే ఎవరో ఒకరు వస్తారు. తర్వాత అరకు వైపు కాఫీ తోటల్లో తెలిసిన సంఘం ఉంటే ఒక పూట రిహార్సల్ పెట్టండి. వాలు, వెలుతురు, చదువు రానివాళ్ళు, వేరే భాష, అన్నీ అక్కడ దొరుకుతాయి.

ఎంవీపీ యూత్ సెక్రటరీ

చాలా థాంక్స్ అండి ఇద్దరికీ. వాక్యం 10 నిమిషాలు అని చెప్పే బాధ్యత ఎల్డర్ గారే తీసుకుంటే ఇంకా సంతోషం. జోళ్ళు 60 మందికే పెడతాం. రెఫరల్ చీటీ ఏ ఆసుపత్రికి రాయాలి? జోళ్ళు, మందులు బ్యాగుల్లో సర్దుకుని వెళ్ళిపోవచ్చా? టూరిస్టు వీసా చాలు అంటున్నారు మా ట్రావెల్ ఏజెంటు.

గాజువాక కస్టమ్స్ బ్రోకర్

ఏజెంటుకి మీరు ఏం చెప్పారో అదే ముఖ్యం. 'తిరగడానికి వెళ్తున్నాం' అంటే టూరిస్టు ఈటీఏ (ఆన్‌లైన్ ప్రయాణ అనుమతి) చాలంటారు. మీరు వెళ్ళేది ప్రసంగానికి, క్యాంపుకి. కాబట్టి ఆహ్వానించే సంఘం వాళ్ళు శ్రీలంక ఇమ్మిగ్రేషన్ శాఖకి మీ కార్యక్రమం యథాతథంగా రాసి, ఏ రకం అనుమతి మీద రావాలో లిఖితంగా తెప్పించుకోవాలి. విమానాశ్రయంలో 14 మందీ ఒకే మాట చెప్పగలగాలి, అది నిజమై ఉండాలి. ఫిబ్రవరి 4 వాళ్ళ స్వాతంత్ర్య దినం, ఆఫీసులుండవు. కాగితాల పని జనవరిలోనే ముగించండి.

మందులు తీసుకెళ్ళకండి. అక్కడ మందుల దిగుమతి జాతీయ ఔషధ నియంత్రణ ప్రాధికార సంస్థ, అంటే ఎన్‌ఎంఆర్‌ఏ చేతిలో ఉంటుంది. పంచిపెట్టే మందులకి అనుమతి కావాలి, సొంత వాడకానికి చీటీతో తెచ్చుకునేవి వేరు. విదేశీ డాక్టర్లు వైద్యం చేయాలన్నా శ్రీలంక మెడికల్ కౌన్సిల్ దగ్గర తాత్కాలిక నమోదు ఉండాలి.

జోళ్ళు 90 అంటే కేసులతో కలిపి నాలుగైదు కిలోలు, బరువు సమస్య కాదు. కొత్త సరుకు ఒకేచోట అన్ని ఉంటే అమ్మకానికి అనుకుంటారు. బిల్లు, పవర్ల వారీగా ప్యాకింగ్ లిస్టు, 'ఉచిత పంపిణీకి' అని అక్కడి సంఘం లెటర్‌హెడ్ మీద ఉత్తరం, ఇవి ఒకే బ్యాగులో జోళ్ళతోనే ఉండాలి. 14 బ్యాగుల్లో తలా ఆరేడు దాచి పెట్టమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఒకరిని ఆపితే అందరినీ ఆపుతారు. సుంకం మినహాయింపు కావాలంటే దరఖాస్తు అక్కడి సంఘమే పెట్టుకోవాలి.

డబ్బు గురించి కమిటీకి చెప్పండి. పన్ను మినహాయింపు ఉన్న ట్రస్టు డబ్బు దేశం బయట ఖర్చు పెడితే, సీబీడీటీ (కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు) ప్రత్యేక ఆమోదం లేనిదే ఆ ఖర్చుకి మినహాయింపు రాదు. ఎవరి టికెట్టు వాళ్ళు సొంత డబ్బుతో కొనుక్కోవడం తేలిక దారి. ట్రస్టు ఖాతా ముట్టుకునే ముందు ఆడిటర్‌ని అడగండి. మన రూపాయలు మనిషికి 25,000 మించి పట్టుకెళ్ళకూడదు.

తోటలో అడుగుపెట్టడానికి ఎస్టేట్ మేనేజరు అనుమతి వేరే. ఆ తోట, ఆ దారులు, చాలాచోట్ల ఆ హాలు కూడా కంపెనీ అధీనంలో ఉంటాయి. ఆయన్నే ఒక ప్రశ్న అడగండి: ఆ ఆదివారం కోత ఉందా? ఆకు బాగా వచ్చే రోజుల్లో ఆదివారం కూడా అదనపు కూలి ఇచ్చి కోయిస్తారు. కోత ఉంటే మీ క్యాంపుకి వచ్చేది 3 గంటల తర్వాతే.

శనివారం రాత్రి కొలంబో నుంచి ఎక్కే ఆలోచన ఎవరికైనా ఉంటే మానిపించండి. దూరం తక్కువే కనబడుతుంది, మలుపుల్లో బస్సుకి నాలుగైదు గంటలు పడుతుంది. సగం మంది వాంతులతో దిగుతారు, ఉదయం ఆరాధనకి ఆ మొహాలతోనే వెళ్ళాలి. మీరు శుక్రవారానికే చేరడం మంచి పని.

స్టాఫ్ నర్స్, మహారాణిపేట

బీపీ, షుగరు కొట్టేయండి సిస్టర్స్ ఒప్పుకుంటే. ఒప్పుకోకపోతే కారణాలు ఇవి. విందు భోజనం చేసి, టీ తాగి, కొండ ఎక్కి వచ్చిన మనిషికి 2 గంటలకి చూసే షుగరు, బీపీ దేనికీ పనికిరావు. అయిదు నిమిషాలు కూర్చోబెట్టకుండా తీస్తే పై అంకె ఊరికే పెరుగుతుంది. 150/95 వచ్చిందనుకోండి, మంగళవారం మీరు వెళ్ళిపోతారు, ఆమెకి మిగిలేది భయం. అక్కడ ప్రభుత్వ వైద్యం ఉచితం. 35 దాటినవాళ్ళకి పరీక్షలు చేసే హెల్దీ లైఫ్‌స్టైల్ సెంటర్లు ఉన్నాయి. ప్రతి ప్రాంతానికీ ఎంఓహెచ్ (ప్రభుత్వ ఆరోగ్యాధికారి) ఆఫీసు, మిడ్‌వైఫ్‌లు ఉంటారు, చాలా తోటల్లో ఎస్టేట్ మెడికల్ అసిస్టెంట్ ఉంటారు. ఆయన 'నా లిస్టులో వీళ్ళ బీపీ చూడండి' అని అడిగితే చూడండి, ఆయన పుస్తకంలోనే రాయండి. మీ సొంత రిజిస్టరు విశాఖపట్నం తెచ్చుకుంటే ఎవరికి లాభం?

రెఫరల్ గురించి అడిగారు. హట్టన్ పక్కనే డిక్‌ఓయాలో మన దేశం సాయంతో కట్టిన 150 పడకల ఆసుపత్రి ఉంది, 2017 మేలో ప్రారంభమైంది. నువరఎలియాలో జిల్లా ఆసుపత్రి. కంటి క్లినిక్ ఏ వారం ఏ ఆసుపత్రిలో అన్నది శుక్రవారమే మెడికల్ అసిస్టెంట్‌ని అడిగి, చీటీల మీద రోజు, చోటు తమిళంలో ముందే రాయించుకోండి. 'పెద్దాసుపత్రికి వెళ్ళండి' అని నోటితో చెప్పినది చీటీ కాదు. రోజు కూలి పోగొట్టుకుని వెళ్ళాలి కాబట్టి బస్సు ఖర్చు ఎవరు చూస్తారో సంఘం పెద్దలతో తేల్చండి. మీ డబ్బు అక్కడ పెడితే జోళ్ళకంటే విలువైన ఖర్చు.

టీము కోసం: శ్రీలంకలో మలేరియా లేదని డబ్ల్యూహెచ్‌ఓ 2016 సెప్టెంబరులో ధ్రువీకరించింది. మన వైపు, ముఖ్యంగా ఏజెన్సీలో, ఇంకా ఉంది. అంటే జాగ్రత్త ఇటు నుంచి అటు. యాత్రకి ముందు నెలలో పాడేరు, అరకు తిరిగినవాళ్ళుంటే (ఆప్టోమ్ గారి రిహార్సల్ కూడా లెక్కే!) దోమతెర, ఒంటికి రాసుకునే మందు తప్పనిసరి. అక్కడ ఎవరికి జ్వరం వచ్చినా పారాసిటమాల్ వేసి పడుకోబెట్టకండి, ఆసుపత్రికి తీసుకెళ్ళి 'విశాఖపట్నం నుంచి వచ్చాం' అని చెప్పండి, రక్తపరీక్ష చేస్తారు. దేశాన్ని మలేరియా లేకుండా నిలుపుకోవడానికి వాళ్ళు ఈ విషయంలో చాలా పట్టుదలగా ఉంటారు.

ఫిబ్రవరి ఆ కొండల్లో పొడి కాలమే, అయినా తెల్లవారుజామున చలి గట్టిగా ఉంటుంది. బీచ్ రోడ్డు స్వెట్టరు చాలదు. గడ్డిలో జలగలు తగలొచ్చు, పట్టుకుంటే లాగకండి, గోటితో పక్కకి జరిపి ఊడదీసి సబ్బునీళ్ళతో కడగండి.

ఆర్‌డబ్ల్యూఎస్ రిటైర్డ్ ఏఈ

ట్యాంకు గురించి ఎవరూ మాట్లాడలేదు. ఆదివారం ట్యాంకు ముట్టుకోకండి. తోట లయన్లలో (వరస ఇళ్ళు) బట్టలు ఉతుక్కునేది, పిల్లలకి తలంట్లు పోసేది ఆ రోజే. ఆ పూట నీళ్ళు ఆపితే మీ పేరు చిరకాలం చెప్పుకుంటారు.

సోమవారం పెట్టుకోండి, సాయంత్రం నీళ్ళు పట్టుకోవడం అయ్యాక. ఖాళీ చేసి, అడుగు మడ్డి బకెట్లతో తోడి, గట్టి బ్రష్షుతో గోడలు రుద్ది కడగాలి. లోపలికి సబ్బు వద్దు. తర్వాత నీళ్ళు నింపుతూ క్లోరిన్: లీటరుకి 50 మిల్లీగ్రాములు పడాలి. 30 శాతం బ్లీచింగ్ పౌడరైతే 1,000 లీటర్లకి సుమారు 170 గ్రాములు. పొడి నేరుగా చల్లకండి, బకెట్లో కలిపి, సున్నం అడుక్కి దిగాక పై తేట పోయండి. కుళాయిలు తిప్పి గొట్టాల్లోకి కూడా వాసన వచ్చేదాకా వదిలి కట్టేయాలి. 24 గంటలు ఉంచి, మొత్తం పారబోసి, మంచినీళ్ళతో నింపి అప్పుడు వాడాలి. పారబోసే నీళ్ళు వాగులోకి వెళ్ళకూడదు, చేపలు చస్తాయి.

సోమవారం సాయంత్రం మొదలుపెడితే మంగళవారం సాయంత్రానికి అవుతుంది, అప్పటికి మీరు ఉండరు. ఆ 24 గంటలు ఇళ్ళకి నీళ్ళు ఎలాగన్నదీ చూడాలి. కాబట్టి తోటలో నీళ్ళు వదిలే మనిషి ఒప్పుకుని, చివరి పని తన మీద వేసుకుంటేనే చేయండి. లేదంటే బ్రష్షులు, పౌడరు, కొలత చెంబు ఆయనకిచ్చి వదిలేయండి. మూసిన ట్యాంకులోకి ఒక్కడే దిగకూడదు, మూత దగ్గర ఇంకొకడు ఉండాలి. పౌడరు మూట విప్పి చాలాకాలమైతే సగం బలం పోయి ఉంటుంది, హట్టన్‌లో కొత్తది కొనండి, విమానంలో తీసుకెళ్ళేది కాదు.

మల్కాపురం స్త్రీల సమాజం

ప్రేమవిందు అన్నారు, ఎవరు పెడుతున్నారు? వాళ్ళే పెడతామంటారు, వద్దంటే నొచ్చుకుంటారు. కానీ 14 మంది అతిథులంటే ఆ స్త్రీల సమాజానికి చిన్న ఖర్చు కాదు. వంట వాళ్ళది, సరుకు మీది అని ముందే మాట్లాడి శుక్రవారమే సరుకు అందజేయండి. 75 మందికి బియ్యం 11 కిలోలు, ఎర్ర పప్పు 3 కిలోలు, కొబ్బరికాయలు 15, కూరగాయలు 9 కిలోలు, ఉల్లి 3 కిలోలు, నూనె 2 లీటర్లు. చేపో కోడో వాళ్ళ ఇష్టం, 8 కిలోలకి డబ్బు ఇవ్వండి. కొబ్బరి మన లెక్కకంటే ఎక్కువ రాశాను, అక్కడ పప్పులోనూ కొబ్బరిపాలే, పక్కన కొబ్బరి సాంబోలు కూడా నూరుతారు. మీ ఆవకాయ సీసా బయటికి తీయకండి ఆ పూటకి. గిన్నెలు కడిగే దగ్గర మీ మగపిల్లల్ని నిలబెట్టండి.

పిల్లల సంగతి కూడా. సండే స్కూల్ వాళ్ళ టీచరే నడపాలి, మీవాళ్ళు ఇద్దరు సాయం. ఒక పెద్దమనిషి ఒక పిల్లతో విడిగా ఏ గదిలోనూ ఉండకూడదు, ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్ళు. చాక్లెట్లు చేతుల్లో పెట్టి ఫోటోలు దిగడం మానాలి. పిల్లల మొహాలు వాట్సాప్ స్టేటస్‌లకి ఎక్కకూడదని టీములో సంతకాలు పెట్టించండి.

వన్‌టౌన్ ఎల్డర్

10 నిమిషాల సంగతి మీ పాస్టర్ గారికి నేను ఫోన్ చేసి చెప్తాను లెండి.

ఒకటి మిగిలింది. క్యాంపు చర్చిలో అని రాశారు. మార్చండి. తోటల్లో ఎక్కువమంది హిందువులు. చర్చిలో పెడితే సగం మంది రారు, వచ్చినవాళ్ళు జోడు కోసం ప్రార్థనకి కూర్చోవాలేమో అనుకుంటారు. తోట బడిలో గానీ, శిశు సంరక్షణ కేంద్రంలో గానీ పెట్టండి. టోకెన్లు కోవెల కమిటీ మనిషి, సంఘం మనిషి ఇద్దరూ కలిసి ఇళ్ళ వరస ప్రకారం ఇవ్వాలి. జోళ్ళ సంచిలో కరపత్రం ఉండకూడదు, బల్ల దగ్గర 'ప్రార్థన చేయమంటారా' అని అడగకూడదు. సాయాన్ని మత ప్రచారానికి వాడకూడదని 1994 నాటి రెడ్‌క్రాస్ ప్రవర్తనా నియమావళి చెబుతుంది. 2011లో వాటికన్, ప్రపంచ చర్చిల మండలి, ప్రపంచ ఇవాంజెలికల్ కూటమి కలిసి ఇచ్చిన పత్రం కూడా పేదరికాన్ని ఆసరా చేసుకుని ఆశ చూపవద్దనే అంటుంది. మీ కమిటీలో ఎవరైనా 'మరి సువార్త ఎప్పుడు' అంటే, ఉదయం ఆరాధన తలుపులు తెరిచే ఉంటాయని చెప్పండి.

5:30 కూటం తీసేయండి. ఫిబ్రవరిలో ఆరున్నరకల్లా చీకటి, లయన్లకి దారిలో దీపాలుండవు, మర్నాడు పొద్దున్నే వాళ్ళకి కోత. ఆ గంటలో మీ టీము కూర్చుని రెఫరల్ చీటీల నకళ్ళు సరిచూసి, మిగిలిన 20 టోకెన్లకి సోమవారం ఎవరు కూర్చుంటారో రాసుకోవాలి.

ఎంవీపీ యూత్ సెక్రటరీ

కొత్త క్రమం కమిటీకి పంపాను: 9కి ఆరాధన వాళ్ళ పద్ధతిలో, 12కి భోజనం, 1:30 నుంచి 4 వరకు బడిలో జోళ్ళు 40 మందికి. మిగతా 20 మంది సోమవారం. బీపీ, మందులు, కూటం తీసేశాం. ట్యాంకు మాట అక్కడి నీళ్ళ మనిషిని అడిగాకే. ఆప్టోమ్ గారూ, మెడ తాళ్ళు ఇక్కడ ఎక్కడ దొరుకుతాయి?

ఆప్టోమ్ సీతమ్మధార

కొనక్కర్లేదు. నల్ల నైలాన్ తాడు 70 సెంటీమీటర్ల చొప్పున 90 ముక్కలు, అంటే 63 మీటర్లు, పూర్ణా మార్కెట్‌లో దొరుకుతుంది. కొసలు అగ్గిపుల్లతో కాల్చి, జోడు కాడ చివర రెండు చుట్లు చుట్టి ముడేయండి. ముడి చెవి వెనక కాకుండా ఇంకాస్త కిందికి రావాలి, లేకపోతే రెండో రోజుకే చెవి ఒరుసుకుపోయి జోడు గూట్లోకి వెళ్ళిపోతుంది.